పశువుల కనుమలో పాత వ్యాను!

'లిటిల్ మిస్ సన్‌షైన్' చూశారా? 2006లో వచ్చిన అమెరికన్ చిత్రం. అందులో మనుషులతో పోటీపడి నటించింది ఓ పసుపుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ వ్యాను! క్లచ్చి పోతుంది. ఇంటిల్లిపాదీ దిగి తోసి, పరుగెత్తి ఎక్కాలి. హారను దానంతటదే మోగుతుంది. హాల్లో ఒకటే నవ్వులు... కానీ అలాంటి వ్యాన్ని స్కాట్లాండులోని ఓ కొండదారి ఎక్కిస్తే మాత్రం ఎవరికీ నవ్వు రాదు.

ఆ దారి పేరు బ్యాలఖ్ న బా. అక్కడి గేలిక్ భాషలో 'పశువుల కనుమ' అని అర్థం. సముద్రపు ఒడ్డునుంచి 626 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తుంది. కొన్నిచోట్ల అయిదడుగులు ముందుకెళితే ఒక అడుగు పైకి! తిరుమల ఘాటు చూసినవాళ్లకు మలుపులు కొత్త కాదనుకోండి. కానీ అక్కడ ఎక్కడానికో దారి, దిగడానికో దారి. ఇక్కడ రెంటికీ కలిపి ఒక్క బండి పట్టే రోడ్డే! ఎదురుగా బండి వస్తే పక్కనున్న కాస్త జాగాలో ఒదిగి దారివ్వాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లూ, మరీ పెద్ద బళ్లూ రాకపోవడం మంచిదని మొదట్లోనే బోర్డు పెట్టారు.

2015లో ఉత్తర స్కాట్లాండును చుట్టివచ్చే 516 మైళ్ల మార్గానికి 'నార్త్ కోస్ట్ 500' అని పేరుపెట్టి ప్రచారం చేశాక, ఇటు క్యాంపర్ వ్యాన్ల రాక పెరిగింది. క్యాంపర్ అంటే చక్రాలమీద చిన్న కాపురం. వెనక మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డబ్బా... మన సినిమా తారల కారవాన్‌కి పేదింటి తమ్ముడన్నమాట! తొంభైల నాటి డీజిల్ వ్యాన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

మన లారీవాళ్లకు ఎఫ్.సి. అన్నా, బ్రేకు ఇన్‌స్పెక్టరు అన్నా హడలు కదా! బ్రిటన్‌లో అలాంటిదే ఎం.ఓ.టి. పరీక్ష. 1960లో మొదలైంది. అప్పట్లో పదేళ్లు దాటిన బళ్లకే. ఇప్పుడు మూడేళ్లు నిండితే చాలు, ఏటా తప్పదు. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బళ్లకు మినహాయింపు ఉంది. తొంభైల వ్యానుకు ఆ యోగం ఇంకా పట్టలేదు!

ఇక్కడ మొదటి విలన్ తుప్పు. చలికాలంలో గడ్డకట్టకుండా రోడ్లమీద ఉప్పు చల్లుతారు. అది అడుగున చేరి రేకును తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతుంది గానీ, మేకప్పు కింద ముడతలు ఎవరికి తెలుసు? సీటు బెల్టు, సస్పెన్షను, స్టీరింగు బిగించినచోట 30 సెంటీమీటర్లలోపు రేకు బలం పోయిందా... ఫెయిలే!

రెండోది బ్రేకులు. ఈ వ్యాన్లు ఏడాదిలో చాలా రోజులు ఇంటిముందే పడుంటాయి. వెనక బ్రేకులు పట్టేస్తాయి. ఒక చక్రం ఆగితే రెండోది ఆగదు. ఇనుప గొట్టాలు తుప్పుపట్టి పలచబడతాయి. చేతి బ్రేకు లాగితే పైకి వస్తుంది గానీ బండి ఆగదు.

మూడోది పొగ. ఇంజను బాగా వేడెక్కాక యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, పొగ చిక్కదనం మీటరుతో కొలుస్తారు. 2008 జూలైకి ముందు బళ్లకు మామూలుగా టర్బో లేకపోతే 2.5, ఉంటే 3.0 హద్దు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, ఇంజెక్టర్లు అరిగినా నల్లమబ్బే! కాలం చెల్లిన టైమింగ్ బెల్టుతో వెళితే ఆ తొక్కుడుకి బెల్టు తెగి ఇంజనే పోవచ్చు. అందుకే బెల్టు ముందే మార్పించి, ఫిల్టరు శుభ్రం చేయించి, ఓ అరగంట హైవేమీద తోలి తీసుకెళ్లడం మేలు.

ఇక చిల్లర వేషాలు! వెలగని బల్బు, తుడవని వైపరు, నంబరు ప్లేటుకు అడ్డొచ్చిన సైకిలు స్టాండు. టైరుకు గాడి 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. తిరగని బండికి గాడి బాగానే ఉంటుంది, పక్కగోడ మాత్రం ఎండకు చీలుతుంది. లోపలి దారాలు కనబడితే ఫెయిల్. డ్రైవరు చూపుకు ఎదురుగా అద్దంమీద 10 మిల్లీమీటర్లు దాటిన దెబ్బ ఉన్నా అంతే.

ఒక్క సంగతి మరవద్దు. ఈ పరీక్షలో గ్యాసు పొయ్యి, దాని గొట్టం చూడరు! పాసయిందని ధీమాగా తలుపులు బిగించి పడుకుంటే, పొయ్యినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాసు వేరుగా చూపించుకోవాలి, విషవాయువు అలారం పెట్టుకోవాలి.

అక్కడున్న మనవాళ్లు పాత వ్యాను కొనాలనుకుంటే ఓ సదుపాయం ఉంది. ప్రభుత్వ వెబ్‌సైటులో నంబరు కొడితే చాలు, ఏ ఏడు ఎందుకు ఫెయిలయిందో బండి జాతకమంతా ఉచితంగా బయటపడుతుంది. 'తుప్పు' అన్నమాట ఏటేటా కనిపిస్తే బేరం మానుకోవడం మంచిది.

అన్నీ సరిచూసుకుని వెళ్లినవాళ్లకు కనుమ శిఖరం పెద్ద బహుమతే ఇస్తుంది. మబ్బు లేనిరోజున రాసే దీవి, దాని వెనక స్కై దీవి పర్వతాలూ కనిపిస్తాయి. ఫొటోలు తీసుకున్నాక చిన్న గేరులో నెమ్మదిగా యాపిల్‌క్రాస్ తీరానికి దిగాలి. కొండ ఎక్కించినందుకు ఇంజన్ని అందరూ మెచ్చుకుంటారు. క్షేమంగా దించే బ్రేకుల్ని మాత్రం బయల్దేరేముందే తలుచుకోవాలి!