ముగ్గు అందరిదీ, ఫొటో నాది

నెలగంట పెట్టి పన్నెండు రోజులైంది. ముగ్గు స్టెన్సిళ్లు అమ్ముకునే మాలాంటి వాళ్లకి ఏడాదిలో ఉన్న ఒకే ఒక్క సీజన్ అది. రోజుకి 40, 50 ఆర్డర్లు వస్తున్నాయి. ఆ రోజు పొద్దున మాత్రం ఒక్కటీ లేదు. యాప్ తెరిచి చూస్తే బాగా పోయే మూడు లిస్టింగులు మాయం. మెయిల్లో నాలుగు లైన్లున్నాయి. మీ ఉత్పత్తి మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, తొలగించాం, అభ్యంతరం ఉంటే ఫిర్యాదు చేసినవారితో మాట్లాడుకోండి. కింద ఒక మెయిల్ ఐడీ.

ఏ ముగ్గుకి కాపీరైటో తెలుసా? 15 చుక్కలు, 8 వరకు సందు చుక్క. మా అమ్మమ్మ వేసింది, మా వీధిలో అందరూ వేశారు, బహుశా మీ ఇంటి ముందూ వేసి ఉంటారు. మిగతా రెండూ అంతే. ఒకటి రథం ముగ్గు, ఒకటి పద్మం. వాటిని ఆటోనగర్‌లో లేజర్ కటింగ్ చేయించి అమ్ముతాం. 340 పీసులు అప్పటికే ఆ మార్కెట్‌ప్లేస్ వాళ్ల గోడౌన్‌లో ఉన్నాయి. వెనక్కి తెప్పించుకోవాలంటే పీసుకి ఇంతని మళ్లీ మేమే కట్టాలి.

సపోర్ట్‌కి రాస్తే ఎన్నిసార్లైనా అదే జవాబు, కాపీ పేస్ట్. ఫిర్యాదు చేసినాయనకి రాశాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. ‘ఈ సీజన్‌కి ఆ మూడు డిజైన్లు ఆపేయండి మేడమ్, పండగయ్యాక చూద్దాం.’ ఆయన కూడా స్టెన్సిళ్లే అమ్ముతాడు. ఆ ఒక్క లైన్‌తో సంగతంతా అర్థమైంది. ఆయనకి కావాల్సింది హక్కు కాదు, పదిహేను రోజులు.

డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఇప్పుడు విజయవాడలో లాయర్. ఫోన్ చేసి ఏడవబోతే, ‘ఏడుపు తర్వాతే, ముందు ఆ ఫిర్యాదులో ఏం రాశాడో చదువు’ అంది. చదివాను. ‘మా డిజైన్ మరియు ఫొటో కాపీ చేశారు.’ అంతే. ఏ డిజైన్, ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, ఏమీ లేదు. అయినా లిస్టింగ్ ఎగిరిపోయింది. ఎందుకంటే ఆ కంపెనీకి ఎవరు నిజమో తేల్చే పని అక్కర్లేదు. ఫిర్యాదు అందాక కూడా తీయకపోతే బాధ్యత తన మెడకి చుట్టుకుంటుందని భయం. తీసేస్తే పోయేది మన అమ్మకాలే కదా!

చట్టం మాత్రం అంత గుడ్డిగా లేదని ఆ రోజే తెలిసింది. 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(సి), 2013 నాటి రూల్స్‌లో 75వ రూల్ ఉన్నాయి. వాటి ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్లు తమ రచన ఏమిటో వివరించాలి, హక్కు తమదేనని చూపించాలి, కోర్టులో దావా వేసి 21 రోజుల్లోగా ఆర్డర్ తెస్తామని రాసివ్వాలి. ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ పేజీ ఆపాలి. కానీ 21 రోజుల్లో ఆర్డర్ రాకపోతే మళ్లీ పెట్టేయొచ్చు. ‘షాపింగ్ లిస్టింగ్‌కి ఈ సెక్షన్ సరిగ్గా అతుకుతుందా అంటే వాదించుకోవచ్చు’ అని కూడా చెప్పింది తను. లాయర్లు ఏదీ పూర్తిగా అవునని చెప్పరు. పైగా నాకు 21 రోజుల ఓపిక ఎక్కడిది? సంక్రాంతి ఆగదుగా.

మాకు పనికొచ్చింది సెక్షన్ 60. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో ఎవరినైనా బెదిరిస్తే, ఆ బెదిరింపులు పడ్డవాళ్లే కోర్టుకెళ్లి ఆపించొచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. బెదిరించినవాళ్లు నిజంగా దావా వేసి నడిపిస్తే ఇది వర్తించదు. అంటే, కేసు వెయ్యి, లేదా నోరు మూసుకో అని మర్యాదగా చెప్పే సెక్షన్ అన్నమాట.

ఇక ఆధారాలు. ఫొటోలు మా తమ్ముడు తీశాడు. వాట్సాప్‌లో పంపిన కాపీలు కాదు, ఫోన్‌లో ఉన్న ఒరిజినల్ ఫైళ్లు, తేదీ టైముతో సహా తీశాం. ఒక్కో ముగ్గుకి పదేసి ఫొటోలున్నాయి, లిస్టింగ్‌లో పెట్టింది ఒకటే. మిగతా తొమ్మిదీ ఆయన దగ్గర ఉండే అవకాశమే లేదు. అన్నింట్లోనూ ఓ మూల మా తులసికోట, దానికి పెచ్చు ఊడిన చోటు. లేజర్ కటింగ్ బిల్లులు, మా లిస్టింగ్ మొదట పెట్టిన తేదీ స్క్రీన్‌షాట్ కూడా జతచేశాం.

ఇక్కడ ఓ తమాషా. ఫొటో మీద మొదటి హక్కు మామూలుగా తీసినవాళ్లదే. అంటే మా తమ్ముడిది! డబ్బో, విలువైనది ఇంకేదైనానో ఇచ్చి తీయించుకుంటే అప్పుడు తీయించుకున్నవాళ్లది. ‘బిర్యానీ తినిపించా కదరా’ అన్నాను. ‘సింగిల్ బిర్యానీకి కాపీరైట్ ఇస్తారా అక్కా?’ అన్నాడు వెధవ. స్నేహితురాలు నవ్వి, వాడితో ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించింది. మీ ఫొటోలు ఎవరైనా ఫ్రెండ్ తీసిపెడుతుంటే ఆ కాగితం ఇప్పుడే రాయించుకోండి. హక్కు బదిలీ అవ్వాలంటే రాతపూర్వకంగానే ఉండాలి. రిజిస్ట్రేషన్ మాత్రం తప్పనిసరి కాదు, తీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది.

ఒక పేజీ ఉత్తరం తయారైంది. మీ రచన ఏది, తేదీ ఏది చూపించండి, లేదా ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, లేదా సెక్షన్ 60 కింద మేమే వస్తాం. జనవరి 2న ఆయనకీ, కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కీ వెళ్లింది. 11న ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు, ఒక్క మాట లేకుండా. లిస్టింగులు భోగి నాటికి తిరిగొచ్చాయి. భోగి నాడు ఆర్డర్ పెట్టిన స్టెన్సిల్ కనుమకి కూడా చేరదు. గెలిచామనే అన్నారు అందరూ. 300 పైగా పీసులు గోడౌన్‌లో అలాగే ఉన్నాయి, నెలనెలా అద్దె కట్టాం.

శ్రావణంలో కథ అటు తిరిగింది. వరలక్ష్మీ వ్రతానికి పద్మం ముగ్గు ఎవరెవరు అమ్ముతున్నారో చూస్తుంటే, వేరే షాపులో మా ఫొటో కనిపించింది. మా తులసికోట, మా పెచ్చు! ఈసారి ఫిర్యాదు బటన్ నా చేతిలో ఉంది. నొక్కితే మర్నాటికి ఆ షాపు లిస్టింగ్ ఉండదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఫారంలో ఒకే గడి, ‘మీ కాపీరైట్ ఉల్లంఘించారా?’ ఫొటోనా, డిజైనా అని విడదీసి అడగదు. ఫొటో నాదే. పద్మం ముగ్గు నాదని ఏ నోటితో చెప్పను?

షాపు పేజీలో ఉన్న నంబర్‌కి ఫోన్ చేశాను. సిద్దిపేట దగ్గర ఓ ఊరు, ఆమెకి నా వయసే ఉంటుంది. ‘అక్కా, ఆ ఫొటోలు మాకు హోల్‌సేల్ గ్రూపులనే వచ్చినయి. మాల్ తోటి అట్లనే పంపుతరు. మీవని తెల్వది అక్కా, షాపు మాత్రం బంద్ చేయించకుండ్రి.’ నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ ఫొటో కోసం మా తమ్ముడు ఎండ సరిగ్గా పడేదాకా డాబా మీద బోర్లా పడుకున్నాడు. రెండు రోజులు టైమిస్తాను, ఫొటో మార్చండి, లేదంటే ఫిర్యాదు పెడతాను, ముగ్గు మాత్రం మీరూ అమ్ముకోవచ్చు అన్నాను. హోల్‌సేల్ గ్రూపు వివరాలు కూడా అడిగి తీసుకుని, అక్కడి అడ్మిన్‌కి మాత్రం తేదీలతో సహా ఘాటుగానే రాశాను. ఫొటోలు తీసేశాడు.

ఆమె ఆ సాయంత్రమే ఫొటో మార్చింది. వాకిట్లో వాళ్లబ్బాయి తీసినట్టున్నాడు, కొంచెం వంకరగా ఉంది, మూలన చెప్పు ఒకటి కనిపిస్తుంది. ధర నాకన్నా 20 రూపాయలు తక్కువ.