చదువు ఎక్కువైందా?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు ఎం.ఏ. కూడా పూర్తయింది. నాకు 23 ఏళ్ళు. మా ఊళ్ళో నా ఈడు వాళ్ళ పిల్లలు అంగన్‌వాడీకి వెళ్తున్నారు. అందుకే సెలవులకు వెళ్తే ఎవరూ నా మార్కులు అడగరు. "సంబంధాలు చూస్తున్నరా?" అని మా అమ్మను అడుగుతారు.

సంబంధాలు రాక కాదు, వచ్చినవి తిరిగిపోతున్నాయి. ఇంటర్‌తో చదువు ఆపేసిన అబ్బాయి వాళ్ళు "పిల్ల మస్తు సదివింది, మా మాట వింటదా?" అన్నారు. నాతో సమానంగా చదివి ఉద్యోగం చేస్తున్న అబ్బాయి వాళ్ళు కట్నం లక్షల్లో చెప్పారు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. బేరం దగ్గర దాని పేరు ఎవరూ ఎత్తరు. నా చదువును స్కాలర్‌షిప్పు, హాస్టలు భరించాయి. ఆ చదువుకు తగిన వరుణ్ణి మాత్రం కూలి చేసే మా నాయన కొనాలి!

ఉద్యోగం వస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. మన హాస్టల్లో చదివిన ఒక అక్క 2024 డీఎస్సీలో టీచరైంది. అంతకుముందు వద్దన్నవాళ్ళే మళ్ళీ కబురు పెట్టారు. వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "జీతం ఎవరికిస్తవమ్మా?" "సగం మా అమ్మకు" అంది అక్క. ఆ సంబంధం పోయింది. ఆ నెల జీతంతో అక్క తమ్ముడి కాలేజీ ఫీజు కట్టింది.

మా అమ్మ భయం ఉత్తది కాదు. "మేం పోయినంక నీకెవరుంటరు బిడ్డా?" అంటుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ మొన్న మధ్యవర్తి "డిగ్రీ అనే చెప్దాం, ఎం.ఏ. సంగతి వద్దు" అంటే, సంతకం కూడా రాని మా నాయన "రెండేండ్లు కష్టపడి సదివింది, అదెట్ల దాస్త?" అన్నాడు.

1942 జూలైలో నాగపూర్ మహిళా సభలో బాబాసాహెబ్ అంబేద్కర్, పెళ్ళికి తొందరపడవద్దని, భార్య భర్తకు స్నేహితురాలిగా, సమానురాలిగా ఉండాలని చెప్పారు. మన హాస్టళ్ళ గోడలమీద ఆయన ఫొటో ఉంది. ఉద్యోగం రాగానే కట్నం అడుగుతున్న అన్నయ్యలు కొందరు ఆ ఫొటో కిందే చదువుకున్నారు. అన్నయ్యలారా, మీ చెల్లెలికి అదే బేరం ఎదురైతే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

చెల్లెళ్ళారా, చదువు మధ్యలో ఆపకండి. చదివింది దాచకండి.