పానమునకు తగిన పాత్ర

పాశ్చాత్యదేశములందు ద్రాక్షామద్యమునకు తగిన గాజుపాత్రను ఎన్నుకొనుట ఒక విద్యగా ఎంచబడుచున్నది. ఎఱ్ఱని మద్యమునకు కడుపు విశాలమై అంచు లోనికి ముడుచుకొన్న పాత్ర. తెల్లనిదానికి అంతకంటె చిన్నది. బుడగలతో పొంగు షాంపేనునకు సన్నగా నిడుపైనది. కడుపు విశాలమైనచో మద్యమునకు గాలి తగిలి పరిమళము లేచును; అంచు ముడుచుకొనుటచే ఆ పరిమళము చెదరక ముక్కును చేరును. నిడుపుపాత్రలో పైతలము తక్కువ గనుక బుడగలు త్వరగా తరిగిపోకుండును. క్రింద కాడ యుండుట చేతివేడి తగులకుండుటకు. బ్రాందీపాత్ర మాత్రము అరచేతి వేడిని కోరును. ఆస్ట్రియాలోని రీడెల్ అను గాజుపనివారు 1973లో ద్రాక్షజాతికొక పాత్ర చొప్పున ఒక వరుసనే వెలువరించిరి. మన రాష్ట్రమందే నాసిక ప్రాంతమున ద్రాక్షామద్యము తయారగుచున్నది గనుక ఈ చర్చ మన పిల్లల చెవులకు కూడ సోకుచున్నది.

మన పెద్దలకు ఇట్టి వివేచన లేదని తలచువారు కలరు. మేము అట్లు తలపము. అమరకోశమున మద్యపు గిన్నెకు చషకమనియు పానపాత్రమనియు వేరుగా పేళ్లున్నవి. పుస్తకములు చదువనివారు సైతము ఈ విద్యయందు తక్కువవారు కారు.

మా సగరోళి మంజీరా తీరమున, తెలంగాణపు సరిహద్దునకు చేరువగా నున్నది. ఏటికి ఆవలివారికిని ఈవలి మాకును ద్రాక్షామద్యము పరాయిదే గాని కల్లు పరాయిది కాదు. ఈతకల్లును మరాఠీవారు శిందీ యందురు. నిజాము పాలనలో దానికి సేందీ యని పేరు. చెట్టునుండి కారిన నీరు తెల్లవారుజామున తేనెవలె తియ్యగా నుండును. గాలిలోను కుండలోను ఉన్న సూక్ష్మజీవులు వెంటనే పని మొదలిడును. మధ్యాహ్నమునకు నురుగు, మత్తు; సాయంకాలమునకు పులుపు; ఇంకను నిలిపినచో పచ్చిపుల్లని కాడి. ఇన్ని వేషములు వేయు పానీయమునకు పాత్ర ఏది?

చెట్టునకు కట్టునది మట్టిలొట్టి. దాని సందులలో నిన్నటి పులుపు దాగియుండును గనుక నేటి నీరు త్వరగా పొంగును. పొంగరాదు, తియ్యని నీరాయే కావలెనన్నచో లొట్టిలోపల సున్నము పూయుదురు. మోయుటకు ఎండిన సొరకాయబుర్ర; తేలిక, పులుపునకు చెడదు. త్రాగుటకు తాటాకును దోనెవలె మడచిన రేక. రాగి గాని ఇత్తడి గాని పనికిరాదు. పులుపు తగిలినచో చిలుము పుట్టి వాంతియగును. రేకను ఒకమారు త్రాగి పారవేయుదురు. కడుగుట లేదు, ఎంగిలి లేదు. ఇంతకంటె యుక్తమైన పాత్రను రీడెల్ వారు సైతము కనిపెట్టలేరని మా నమ్మకము.

దీనినిబట్టి మేము కల్లును పొగడుచున్నామని ఎవరును అనుకొనవలదు. దానివలన చెడిన సంసారములను మనమందఱము ఎఱుగుదుము. చెట్లు చాలక, క్లోరల్ హైడ్రేటు, డయాజెపాము వంటి మందులు కలిపి కల్లని అమ్ముట ఆరంభమైన పిదప పాత్రకు అర్థమే పోయినది. 2015లో తెలంగాణ ప్రభుత్వము ఈ కల్తీని అరికట్టినప్పుడు, ఏటికి ఆవల నిజామాబాదు జిల్లాలో, ఆ మందులకు అలవాటుపడినవారు వణకుచు, పిచ్చిమాటలాడుచు ఆసుపత్రుల పాలైరి. సీసాలో వచ్చు కల్లు చెట్టును చూచినదో లేదో త్రాగువానికి తెలియదు. రేకలో పోయించుకొనువాడు కనీసము చెట్టుక్రింద నిలువవలెను.

ఇక ఇంటిలోని సంగతి. నీటికి రాగి మంచిదని పెద్దలనిరి. రాగిపాత్రలో రాత్రంతయు నిలిచిన నీటిలో రోగక్రిములు చచ్చునని నేటి పరిశోధకులును చెప్పుచున్నారు. మజ్జిగకు అదే రాగి పనికిరాదు. చారు కాచు ఇత్తడిగిన్నెకు కళాయి లేనిదే గృహిణి ఒప్పుకొనదు. వీధులలో కొలిమి పెట్టి తగరము పూయు కళాయివాడు స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చినతోడనే అరుదయ్యెను. మన ఇండ్లలో పిల్లలు చెంబును తాంబ్యా యనుచున్నారని కొందఱు బాధపడుదురు. తాంబ్యా యనునది తామ్రమునుండి పుట్టినది. చెంబు అనునది ఎఱ్ఱదనము తెలుపు ‘చెం’ అను మాటనుండి పుట్టినది. రెండు భాషలును రాగినే పిలుచుచున్నవి. స్టీలుదానిని మాత్రము రెండు భాషలవారును గాజుపేరుతో గ్లాసనుచున్నారు! చాయను బశీలో పోసికొని త్రాగు మరాఠ్వాడా అలవాటును నాగరికులు నవ్వుదురు. విశాలమైన పైతలమున వేడి త్వరగా ఆరును. ఎఱ్ఱమద్యపు పాత్ర కడుపున ఉన్న సూత్రమే ఇది.

పానీయమునుబట్టి పాత్రను ఎన్నుట వివేకము. మనిషినిబట్టి ఎన్నుట మాట వేఱు. మన తెలుగునాట చాయహోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండెడిది: అందఱికిని లోపలి గ్లాసులు, దళితులకు చూరున ఉంచిన గ్లాసులు; త్రాగి వారే కడిగి పెట్టవలెను. పొలములో పనిచేయువానికి పాత్రయే లేదు, దోసిలి పట్టవలెను. 1927లో మహాడు చెరువున అంబేద్కరుగారు దోసిలితో త్రాగినది ఆ నీటిని కాదు, ఆ కట్టడిని. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో శిక్షల చట్టము వచ్చెను. ఆ పిదపను ఎన్నో యేండ్లు చూరులోని గ్లాసులు దిగలేదు. తరువాత వచ్చిన కాగితపు గ్లాసు ఒకమారు త్రాగి పారవేయునదగుటచే కొంత మేలు చేసెను. ఆ గుణము రేకకు మొదటినుండియు ఉన్నదే.

ఈ మధ్య పాతసామాను తూకమునకు కొనువారు మన వీధులలో తిరుగుచున్నారు. పెండ్లికి వచ్చిన రాగిచెంబులు, కంచుగ్లాసులు బరువుకొలది పోవుచున్నవి. వాని అంచున ఇచ్చినవారి పేళ్లు చెక్కియుండును. మా ఇంటి చెంబును అమ్మక ఉంచితిమి. మనుమడు దానిని పట్టుకొని, ఇవి ఏ అక్షరములని మరాఠీలో అడిగెను. దక్షిణము నుండి వచ్చిన ముత్తవ్వ పేరు అది, తెలుగున. చింతపండుతో తోమించి, ఒక్కొక్క అక్షరముపై వాని వ్రేలు పెట్టించి చదివించితిమి. మూడు అక్షరములు వచ్చినవి, తక్కినవి రేపు.