సిద్దిపేటకు బేరానికి వెళ్తే

వ్యాపారం పనిమీద సిద్దిపేట వెళ్ళేవారికి అనుభవంమీద ఒక సలహా చెబుతాను: తిరుగు బస్సు వేళ ముందుగా నిర్ణయించుకోకండి.

సికింద్రాబాదు జూబిలీ బస్‌స్టేషన్‌లో ఎక్కితే రాజీవ్ రహదారిమీద సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణం. 2023 అక్టోబరు నుంచి రైలు సౌకర్యమూ కలిగింది. సంక్రాంతి నుంచి ఉగాది వరకు కొమురవెల్లి మల్లన్న జాతర. ఆ ఆదివారాలలో ఆ దారిని బస్సులు కిటకిటలాడతాయి. కనుక మరొక రోజు చూసుకోండి.

నేను వెళ్ళింది మా కొట్టుకు గొల్లభామ చీరలకోసం. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. మగ్గంమీద ఉన్న పెద్దాయనతో, "ఇరవై చీరలు కావాలి, నెల రోజులు గడువు" అని నిలబడే చెప్పి, గడియారం చూసుకున్నాను. ఆయన చేతిపని ఆపలేదు. బొమ్మకు ఒక్కొక్క రంగు దారాన్నీ వేళ్ళతో ఎక్కిస్తూ నవ్వాడు.

"గొల్లభామ ఉరికితే నెత్తిమీది కుండ పలుగదా, సారూ?"

సిగ్గుపడి కూర్చున్నాను. రెండు గంటల బస్సు వెళ్ళిపోయింది. బొమ్మ తలపై కుండ పూర్తయ్యేదాకా చూశాను. అప్పుడు నా లెక్క మానుకొని ఆయన లెక్క అడిగాను. ఆరు చీరలకే మాట ఇచ్చాడు.

చెప్పిన రోజుకు ఆరూ వచ్చాయి.