అటకమీది కుండ

అనపకాయ అనగానే గంజాము, యానాము ప్రాంతాల చదువరులు తమ ఆనపకాయను, అంటే సొరకాయను, తలచుకోవచ్చు. కోలారు సీమలో మాకు ఆ పేరు వేరొక కాయకు చెల్లుతుంది. కన్నడిగులు అవరెకాయి అనే చిక్కుడుజాతి కాయ అది. పుష్యమాసం వచ్చిందంటే మా ఇండ్లలో దాని వాసన లేని పూట ఉండదు.

పోయిన సంక్రాంతికి ముందు రెండురోజులు సెలవు పెట్టి, భార్యాబిడ్డలతో ముళబాగిలు దగ్గరి మా మేనత్త ఊరికి వెళ్ళినాను. బెంగుళూరు నుండి ముళబాగిలు సుమారు 95 కిలోమీటర్లు. మైసూరు సీమకు తూర్పు వాకిలి గనుక 'మూడల బాగిలు' అన్న పేరు వచ్చిందంటారు. అక్కడ బజారులో కన్నడం, ఇంటిలో తెలుగు.

బస్సు దిగి చేనిగట్టున నడుస్తూ మా అమ్మాయి అడిగింది: "రాగి కోసేసినారు గదా నాయనా, మరి చేను పచ్చగా ఉన్నదేమి?"

అది అక్కడిసాళ్ళ సేద్యం. రాగి విత్తేటప్పుడే నడుమ కొన్ని సాళ్ళలో అనప, ఆముదం, ఆవాలు వేస్తారు. రాగి కోత అయినాక అనప చేనంతా అల్లుకొని, నేలలో మిగిలిన పదునుతో, మంచుతో బ్రతుకుతుంది. పొద్దు తగ్గితేగాని నాటు అనప పూయదు. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు పొద్దుతో పనిలేకుండా కాచే 'హెబ్బాళ అవరె' రకాలు తీసినారు. వాటివల్ల ఇతర కాలాల్లోనూ కాయ దొరుకుతున్నది. రైతుకు అది మేలే. కాని కాయ ఒలిస్తే వ్రేళ్ళకు అంటుకొనే ఆ ఘాటైన వాసన, మేము సొగడు అంటాము, నాటుకాయకున్నంత వాటికి లేదని మా అత్త తీర్పు. తిన్నవాణ్ణి గనుక నేనూ కాదనలేను.

రాత్రి అందరం చుట్టూ కూర్చొని కాయలు ఒలిచినాము. తెల్లవార్లు నీళ్ళలో నానిన గింజను రెండు వ్రేళ్ళ నడుమ ఒత్తితే, తోలు వదలి పప్పు బయటికి దూకుతుంది. అందుకే అది పితికిపప్పు. మా అమ్మాయి పితికిన మొదటి గింజ పోయి అత్త కళ్ళజోడుకు తగిలింది. "మీ నాయన కూడా నీ ఈడులో ఇదే పని చేసినాడే తల్లీ" అని ఆమె నవ్వింది. తొక్కలు ఆవుకు పోయినవి. ధనియాలు, కొబ్బరి, తెల్లగడ్డ, చెక్క, లవంగం నూరి పులుసు కాచి, వేడి రాగిముద్దతో వడ్డించింది. ముద్దను నమలరాదు, పులుసులో అద్ది మ్రింగవలె. ఈ విద్య మా అమ్మాయికి రెండవ పూటకు పట్టుబడింది.

బయలుదేరేముందు అత్త అటకమీది కుండ దించమన్నది. బూడిద కలిపి దాచిన నాటు అనప విత్తనం.

"మోకాళ్ళు చేతకాకున్నవి నాయనా. వచ్చే ఏడు చేను టమోటాకు కౌలుకిస్తామంటున్నారు పిల్లలు. వాళ్ళనూ తప్పనలేను. ఈ విత్తు మాత్రం నాతో పోకూడదు."

నాకు సెంటు నేల లేదు. అయినా కాదనలేక దోసెడు మూట కట్టుకొన్నాను. ఆషాఢంలో మాలూరు దగ్గర మా బావమరిది చేనిలో, రాగి నడుమ నాలుగు సాళ్ళు వేసినాము. ఇప్పుడు తీగ బాగా సాగింది. పూత ఇంకా రాలేదు. పొద్దు తగ్గవలె గదా!

కాచితే మొదటి శేరు అత్త కుండలోకే. చదువరులలో సొంత నేల ఉన్నవారు, మీ పెద్దవారి అటకమీది కుండలు ఒకసారి దించి చూడవలెనని మనవి.