నీళ్ళు తాగే ఇటుక

కైకలూరు నుంచి ఆలపాడు దాటి కొల్లేటికోట చేరేసరికి ఎండ ముదిరింది. ఫాల్గుణంలో జాతరప్పుడు కాలు పెట్టడానికి చోటుండని పెద్దింట్లమ్మ గుడి ముందు నలుగురైదుగురే ఉన్నారు. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, ఈ లంకలో ఇళ్ళు దేనితో కడుతున్నారో చూద్దామని ఊళ్ళోకి నడిచాను.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరద కొల్లేరు సరస్సులోకే వస్తుంది. అది సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అందుకని ఇక్కడివాళ్ళు ముందు మట్టి పోసి మెరక చేసుకుని, దాని మీద పాక వేసుకునేవారు. తాటి దూలాలు, తాటాకు, కొల్లేట్లో కోసిన కిక్కిస. అన్నీ చుట్టుపక్కల దొరికేవే, పాతబడితే మట్టిలో కలిసిపోయేవే.

అలాంటి పాక ఒకటి ఇంకా నిలిచి ఉంది. అరుగు మీద కూర్చున్న మామ్మగారిని పలకరించాను. “ఎండాకాలం ఈ నీడే హాయి బాబూ. కానీ పాకలో ఉంటే మా మనవడికి పిల్లనెవరిస్తారు?” అన్నారు. పైగా కప్పు మాటిమాటికీ మార్చుకోవాలి, నిప్పు భయం సరేసరి. పర్యావరణం గురించి మాట్లాడే మనమంతా ముందు ఆ మామ్మగారికి జవాబు చెప్పాలి. తాటాకు ఇల్లు పేదరికానికి గుర్తుగా మిగిలినంత కాలం దాని చల్లదనం ఎంత పొగిడినా ఎవరూ వినరు.

పక్క వీధిలో కొత్త ఇల్లు లేస్తోంది. గోడంతా బూడిదరంగు ఇటుక. మేస్త్రి గారు దాన్ని సిమెంటు ఇటుక అంటారు. “కొలత తేడా రాదండి, ప్లాస్టరింగుకి మాలు తక్కువ పడుద్ది.” అందులో ఉన్నది థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలిన బూడిద అని ఆయనకెవరూ చెప్పలేదు. పొలం మట్టి తవ్వక్కర్లేదు, బట్టీలో కాల్చక్కర్లేదు. అచ్చు పోసి నీళ్ళతో తడిపితే చాలు, గట్టిపడుతుంది. బూడిద, సున్నం, జిప్సం కలిపి ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని రూపొందించింది మన విశాఖపట్నంలోనే, భానుమతీదాస్, కాళిదాస్ అనే శాస్త్రవేత్తలు. ఆ మాట చెబితే మేస్త్రి గారి మొహం వెలిగింది. అక్కడున్న సిమెంటు బస్తా మీద పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) అని ఉంది. ఆ రకంలోనూ 15 నుంచి 35 శాతం దాకా బూడిద ఉంటుంది. ఆ ఇంటివారు తెలియకుండానే మంచి పని చేస్తున్నారు. తెలిస్తే ఇంకా బాగా ఎంచుకుంటారు.

ఆ ఎంచుకోవడం ఎలాగో మేస్త్రి గారే చూపించారు. రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టారు, ఖంగుమంది. గోరుతో గీస్తే గీత పడలేదు. ఇంకోటి నీళ్ళ తొట్టిలోంచి తీశారు, ముందురోజు వేసిందట. “మా ఊళ్ళో గోడకి నీళ్ళే శత్రువండి. ఎక్కువ తాగే ఇటుకైతే లోడు వెనక్కి పంపేస్తాను.”

ఇలా సిమెంటులో కలిసే బూడిద ఇంకోటుంది, తాడేపల్లిగూడెం వైపు రైసుమిల్లుల ఊకది. నూరు కిలోల ధాన్యానికి సుమారు ఇరవై కిలోల ఊక వస్తుంది. దాన్ని అదుపుగా కాలిస్తే మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికానే; సిమెంటులో కొంత వంతుకు బదులుగా వాడుకోవచ్చు. గూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. అక్కడి సివిల్ ఇంజినీరింగు పిల్లలు ఒక్కసారి ఈ లంకకొచ్చి, ఈ మేస్త్రి గారి పక్కన ఒక పూట నిలబడాలని నా కోరిక.

ఇల్లు కట్టుకునేవారికి ఒక మాట. మట్టిదైనా బూడిదదైనా, లోడు దించుకునే ముందు ఎండిన ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్ళలో ఉంచి, తుడిచి మళ్ళీ తూచండి. మూడు కిలోల ఇటుక ఆరు వందల గ్రాములకు మించి బరువెక్కితే తీసుకోకండి.