మా ఇంటి బడి

మా ఇంటి బడికి గంట లేదు. తెల్లవారి కాజీపేట వైపు నుంచి రైలు కూత వినబడగానే మావాడు పాటల పుస్తకం తీస్తాడు. నేను పొయ్యి మీద పాలు పెట్టి చెవి అటు వేసి ఉంచుతాను. వాడి చెల్లెలు నిద్రకళ్ళతో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఒక కీర్తన, ఒక అధ్యాయం, చిన్న ప్రార్థన. ఈలోగా పాలు పొంగిన రోజులే ఎక్కువ. మా ప్రార్థనకూ మాడిన పాల వాసనకూ ఏదో చుట్టరికం ఉన్నదని మా ఆయన పరిహాసం.

2020 మార్చిలో బడులు మూతబడినప్పుడు వాడు రెండో తరగతి. అంతకుముందు ప్రతి ఉదయం కడుపునొప్పి అనేవాడు. నేను వాము నమిలించి పంపేదాన్ని. వాడికి అక్షరాలు నిలిచేవి కావు. ధ, థ ఒకటిగా కనిపించేవి. ఒత్తు ఏ అక్షరం కిందిదో తేలేది కాదు. వాడి పరీక్ష కాగితాన్ని ఒకనాడు తరగతిలో అందరి ముందూ చదివి నవ్వించారట. ఆ సంగతి నాకు ఎప్పటికో తెలిసింది. బడి మూసిన వారానికే కడుపునొప్పి మాయమైంది. ఊరంతా భయంతో తలుపులు వేసుకున్న రోజుల్లో నా బిడ్డ నవ్వడం మొదలుపెట్టాడని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి టీవీలో పాఠాలు వచ్చాయి. వాడు వినేవాడు, చక్కగా జవాబులు చెప్పేవాడు, పుస్తకం ఇస్తే మాత్రం ముడుచుకుపోయేవాడు. 2021 సెప్టెంబరులో బడులు మళ్ళీ తెరిచినప్పుడు మా ఆయన ఒక్క మాట అన్నారు: "ఒక్క సంవత్సరం మనమే చెప్పి చూద్దాం." ఆ ఒక్క సంవత్సరం ఇంకా పూర్తి కాలేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి మెట్ల మీద అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "బాబు ఏ స్కూల్లో?" ఇంట్లోనే అంటే, వినకూడనిది విన్నట్టు మొహం పెడతారు. మా అత్తమ్మ సూటిగానే అడిగింది: "దేవుడు నీకు బిడ్డనిచ్చాడు గాని, టీచరు పని ఇచ్చాడా?" నా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా మా నాయనమ్మ పాటల పుస్తకం.

1879లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు హన్మకొండలో మిషను స్థాపించారు. చరిత్ర దొరల పేర్లు చెబుతుంది గాని, ఊళ్ళ లోపలికి నడిచి వెళ్ళినది తెలుగు స్త్రీలు. బైబిలు స్త్రీలని పిలిచేవారు. ఇల్లిల్లూ తిరిగి, వంటింటి గడపల దగ్గర కూర్చుని, వాక్యంతోపాటు అక్షరాలూ నేర్పేవారు. మా నాయనమ్మ ముగ్గురు పిల్లల తల్లి అయ్యాక, అటువంటి ఒకావిడ దగ్గరే చదువు నేర్చుకున్నది. పద్ధతి చాలా చిత్రమైనది. ముందు పాట నోటికి రావాలి. తరువాత "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" తెరిచి, పాడుతూ ఒక్కో మాట మీద వేలు జరపాలి. నోటికి తెలిసిన మాట కంటికి ఎక్కడో చిక్కుతుంది. పురుషోత్తమ చౌదరిగారి పాటలు ఆమెకు పెద్దబాలశిక్ష అయ్యాయన్నమాట! ఆ పుటల అంచులు నూనె మరకలతో పసుపుపచ్చగా మారి ఉన్నాయి.

మావాడికి పాటలు ఒక్కసారి వింటే వచ్చేస్తాయి. ఇంతకాలం ఆ సంగతిని వాడి అల్లరి కింద జమ కట్టాను. ఒకరోజు నాయనమ్మ పుస్తకం వాడి ముందు పెట్టి, "చదవొద్దు, పాడు, వేలు మాత్రం జరుపు" అన్నాను. ఎనిమిది నెలలు పట్టింది. ఎనిమిది నెలలు! తరువాత కొత్త పాట మీద వేలు పెట్టి, నేను ఎరుగని రాగంలో కూనిరాగం తీస్తూ మాటలన్నీ చదివేశాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. పాలు ఆ రోజూ పొంగాయి.

ఇది చదివి నన్ను సహనమూర్తి అనుకోకండి. ఒక సాయంత్రం భిన్నాలు చెబుతూ పుస్తకం విసిరి లేచిపోయాను. రాత్రి కుటుంబ ప్రార్థనలో తలా ఒక కృతజ్ఞత చెప్పాలి. మావాడు కళ్ళు గట్టిగా మూసుకుని, "ఈ రోజు లెక్కలు తొందరగా అయిపోయినందుకు స్తోత్రం" అన్నాడు. మా ఆయన దగ్గు నటించారు. నాకు నవ్వు రాలేదు. వాడు నన్ను కాపాడుతున్నాడో, నిజంగానే సంతోషించాడో ఈనాటికీ తెలియదు.

రామప్ప చూపించడానికి తీసుకువెళ్ళినప్పుడు, 1213 నాటి ఆ నల్లరాతి మదనికల ముందు చాలాసేపు నిలబడి, "ఇవి చెక్కినవాళ్ళు ఏ బడిలో నేర్చుకున్నారు?" అని అడిగాడు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకుని ఉంటాడని చెప్పాను. "వాళ్ళ నాన్న కూడా ఉలి విసిరేసేవాడా?" అన్నాడు.

ఇప్పుడు వాడికి 14 ఏళ్ళు నిండబోతున్నాయి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో పదో తరగతికి సమానమైన కోర్సులో చేరడానికి ఆ వయసు చాలు. ఆ పరీక్ష తప్పితే చర్చి మెట్ల మీది ప్రశ్నలన్నీ నిజమవుతాయి. ఆ ఊహకే నాకు నిద్ర పట్టడం లేదు. ప్రార్థనలో కూర్చున్నా ఒక్కోసారి దేవునితో కాక మా అత్తమ్మతోనే వాదిస్తూ ఉంటాను.

బడి సర్టిఫికెట్టు లేనివారు, కోర్సుకు తగిన జ్ఞానం తమకు ఉన్నదని స్వయంగా రాసి ఇవ్వవచ్చు. ముందు చిత్తుకాగితం మీద తెలుగులో రాయమన్నాను. నిన్న రాత్రి భోజనాల బల్ల మీద కంచాలు జరిపి కూర్చున్నాడు. పేరు రాశాడు. ఊరు రాశాడు. "తగిన" దాకా బాగానే వచ్చి, "జ్ఞ" దగ్గర ఆగిపోయాడు. చెప్పబోయిన నన్ను మా ఆయన కళ్ళతోనే వారించారు. వాడు లేచి, నాయనమ్మ పుస్తకం తెచ్చి, ఏదో పాట లోలోపల పాడుకుంటూ పుటలు తిప్పసాగాడు. చెల్లెలు పక్కన చేరి తనూ వేలు పెట్టింది.